శ్రవణ దర్శనం

రేవుపాడు పురపాలక సంఘం వారి కళాభవనంలో ఆరువందల కుర్చీలున్నాయి. వాటిలో మంచి కుర్చీ ఒకే ఒక్కటని తేల్చుకోవడానికి ముప్పై ఎనిమిది లక్షలు ఖర్చయింది. ఎవరినో ఎత్తిపొడవడానికి ఈ మాట అనడంలేదు. అంతకు పదింతలు ఖర్చుపెట్టి ఆ ఒక్క కుర్చీ కూడా దొరకని ఊళ్ళు ఎన్ని లేవు?

సంగతికి మూలం పానకాలరావు గారు. ఆయన చైర్‌పర్సన్ గారి భర్త. ఆవిడ సంతకం పెడతారు, మిగతా వ్యవహారమంతా ఈయన చూసుకుంటారు. ఒకసారి హైదరాబాదులో ఎవరో బిల్డరు ఇంటికి భోజనానికి వెళ్ళి, అక్కడ పుస్తకాల అరలో మూరెడైనా లేని రెండు చెక్కపెట్టెల్లోంచి పాట విన్నారు. వెల ఎంత అని అడిగారు. బిల్డరు చెప్పాడు. అప్పటిదాకా మామూలు పాటలా వినపడుతున్నది, వెల చెవినపడ్డ క్షణం నుంచీ అమృతంలా వినపడసాగిందట. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికల్లా రేవుపాడుకి కూడా అలాంటివి కావలసిందేనని ఆయన నిశ్చయించుకున్నారు.

కౌన్సిల్ సమావేశంలో అది పదకొండో అంశం. పదో అంశం మురుగుకాలవల పూడికతీత. దాన్ని వాయిదా వేశారు. పన్నెండోది కుక్కల బెడద. దానిమీద ఉపసంఘం వేశారు. "పౌరులకు ప్రపంచస్థాయి శ్రవణానుభూతి కల్పన" అనే పదకొండో అంశం మాత్రం చప్పట్లతో నెగ్గింది. అదేమిటో ఎవరికీ తెలియకపోవడంవల్ల వ్యతిరేకించడానికి ఏమీ దొరకలేదు.

కళాభవనంలో మైకు ఆపరేటరు బాజీ. యాభై నాలుగేళ్ళ మనిషి. ఇరవై రెండేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. అతన్ని పర్మినెంటు చేసే ఫైలు ఇప్పటికి మూడుసార్లు కదిలింది. మొదటిసారి ఎలకలు కొట్టాయి, రెండోసారి కమిషనరు బదిలీ అయ్యాడు, మూడోసారి ఆ బదిలీ అయిన కమిషనరే ఫైలు కూడా పొరపాటున పట్టుకుపోయాడు. ఇప్పుడు నాలుగోసారి కదులుతోంది. ఈసారి కాకపోతే వయసు దాటిపోతుంది కనక ఇక కాదు. బాజీ పగలంతా మైకు గురించీ, రాత్రంతా ఆ ఫైలు గురించీ ఆలోచిస్తూ బతుకుతున్నాడు.

స్పీకర్లు వస్తున్నాయని తెలిసి అతను నలుగురు హమాలీల్ని పిలిచి గేటు దగ్గర నుంచోబెట్టాడు. స్పీకర్లు ఆటోలో వచ్చాయి, కంపెనీ ఇంజనీరమ్మ ఒళ్ళో కూర్చుని.

"మిగతాయి ఎనకాల లారీలో వస్తన్నయ్యా అమ్మా?" అని అడిగాడు బాజీ.

"ఇవేనండీ మొత్తం," అంది ఇంజనీరమ్మ.

హమాలీలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, వచ్చినందుకు టీ డబ్బులు పుచ్చుకుని వెళ్ళిపోయారు. ఇంజనీరమ్మ హాల్లోకి వచ్చి, ఆ చివరి గోడ ఎంత దూరాన ఉందో చూసి నిలబడిపోయింది.

"సార్, ఇవి గదికోసం చేసినవి. పన్నెండడుగుల గది, ఒక కుర్చీ, ఒక మనిషి. ఇంత హాలుకి ఇవి ఆనవు," అంది పానకాలరావు గారితో.

"గదిలోనే అంత పని చేసినయ్యి, హాల్లో ఇంకెంత చేస్తయ్యో నువ్వే చూద్దువుగానీ తల్లీ! నువ్వు బిగించు," అన్నారాయన.

ఆ పిల్ల మూడు రోజులు టేపు పట్టుకుని కొలిచింది. గోడలు కొలిచింది, పెట్టెల్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పింది. చివరికి నాలుగో వరసలో నడిమధ్యనున్న కుర్చీని పట్టుకుని, "ఇదొక్కటే సరైన చోటు. ఎడంపక్క శబ్దం, కుడిపక్క శబ్దం ఇక్కడికి ఒకేసారి వచ్చి కలుస్తాయి. పక్క కుర్చీలోకి జరిగితే కలవవు," అని చెప్పి, సాయంత్రం రైలెక్కింది.

ఆ మాట ఊళ్ళో పొక్కింది. తెల్లారేసరికి ఆ కుర్చీ మీద తెల్ల టర్కీ టవలు పరిచి ఉంది. ఒక కుర్చీ పెద్దదని మనుషులకి చెప్పడానికి ప్రభుత్వానికి తెలిసిన పద్ధతి అదే. అయితే టవలు పరిచారు గానీ, అందులో ఎవరు కూర్చోవాలన్నది ఎవరూ ఆలోచించలేదు.

ప్రారంభోత్సవం నాడు అదే రభస అయింది. మామూలుగా పెద్దలంతా వేదిక మీద కూర్చుంటారు, జనం కింద కూర్చుంటారు. కానీ స్పీకర్లు జనం వైపు తిరిగి ఉన్నాయి. వేదిక మీద కూర్చుంటే వాటి వీపు వినాలి. అందుకని ఎమ్మెల్యే గారు కిందికి దిగి నాలుగో వరసకి వచ్చారు. ఆయన దిగితే మిగతా పదిమంది పైన ఎలా ఉంటారు? వాళ్ళూ దిగారు. వేదిక మీద కుండీలోని క్రోటన్ మొక్క ఒక్కటే మిగిలింది. దండలు వెయ్యడానికి వచ్చిన బడిపిల్లలు ఎవరి మెడలో వెయ్యాలో తెలియక క్రోటన్ మొక్క దగ్గరే నుంచున్నారు.

కమిషనర్ గుడిమెట్ల సత్యప్రసాద్ గారు అక్కడికక్కడే ప్రోటోకాల్ జాబితా తయారుచేశారు. కుర్చీలో ఎమ్మెల్యే గారికి రెండున్నర నిమిషాలు, చైర్‌పర్సన్ గారికి రెండు, వైస్ చైర్మన్ గారికి ఒకటి, మాజీలకి తలా ముప్పై సెకన్లు. ఎమ్మెల్యే గారి వంతులో ఫోన్ వచ్చింది. ఆయన రెండున్నర నిమిషాలూ ఎవరితోనో బోరు మోటారు గురించి మాట్లాడి, లేచి, "అద్భుతం" అన్నారు.

ఈలోగా వెనక వరసల్లో జనం "వినపడట్లా! వినపడట్లా!" అని అరుస్తున్నారు. ఆ మాట ఇరవై రెండేళ్ళలో బాజీ చెవిన ఎప్పుడూ పడలేదు. తిట్టినా పడతాడు గానీ ఆ మాట పడడు. చప్పుడు కాకుండా వెనక తలుపులోంచి పాత లౌడ్‌స్పీకరు హారన్లు రెండు తెచ్చి తగిలించాడు. హాలంతా ఒక్కసారి మోగింది. జనం ఈలలు వేశారు.

"సూశారా! ముప్పై ఎనిమిది లక్షలంటే ఊరికే కాదు!" అన్నారు పానకాలరావు గారు.

ఆ హారన్లు ప్రతిపక్ష కౌన్సిలరు కంటపడ్డాయి. మర్నాడు పత్రికలో పడింది. ఆ పై వారం రాష్ట్ర కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది: "సదరు స్పీకర్లు వెచ్చించిన వెలకు తగినవా, కావా అను విషయమును నిర్ధారించు నిమిత్తము ప్రత్యేకాధికారి వారు వచ్చే నెల ఇరవై అయిదవ తేదీన విచ్చేయుదురు."

కమిషనరు గారు రెండు పనులు చేశారు. మొదటిది, ప్రారంభోత్సవం నాటి తోపులాట మళ్ళీ జరక్కుండా ఒక సర్క్యులర్: "టవలు గల కుర్చీ యందు అర్హత లేని సిబ్బంది ఎవరేని ఆసీనులైనచో, ముందస్తు నోటీసు లేకుండ విధులనుండి తొలగించబడుదురు." రెండోది, బాజీని పిలిపించడం.

"చూడు బాజీ, ఆపరేటరువి నువ్వు. స్పీకర్లు వెలకు తగినవని నువ్వు ధ్రువీకరించాలి. తగినవని రాస్తే నీ పర్మినెంటు ఫైలు నా సిఫారసుతో పైకి పోతుంది. తగినవి కావని రాస్తే, వాటిని మోగించడం నీకు చేతకాలేదని అర్థం. చేతకానివాణ్ణి పర్మినెంటు చెయ్యమని నేనెలా రాయగలను? నువ్వే చెప్పు."

"ఇనకుండా ఎట్టా రాయనండీ?"

"విను. ఎవరొద్దన్నారు? కూర్చోకుండా విను," అన్నారు కమిషనరు గారు.

బాజీ కూర్చోకుండా విన్నాడు. కుర్చీకి ఎడంపక్క నుంచుని విన్నాడు, కుడిపక్క నుంచుని విన్నాడు, వెనక వంగి విన్నాడు. మామూలు పాటే. వీటికా ముప్పై ఎనిమిది లక్షలు అని లోపల నవ్వుకున్నాడు కూడా. కానీ వినకుండా రాస్తే అబద్ధం, విన్నది రాస్తే ఫైలు గోవిందా. మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసంతా క్యారియర్లు విప్పుకుని ఉండగా, తలుపు గడియ పెట్టి, టవలు మడతపెట్టి పక్కన పెట్టి, పాట మళ్ళీ మొదటినుంచీ వేసి, కుర్చీలో కూర్చున్నాడు.

ఎవరో పెద్దావిడ ఊపిరి పీల్చిన చప్పుడైంది. బాజీ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. పెట్టెలు అటొకటీ ఇటొకటీ ఉన్నాయి గానీ గొంతు వాటిలోంచి రావడంలేదు. వాటి నడుమ, ఖాళీగా ఉన్న చోట, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఆవిడ కల్యాణి రాగం అందుకుంది. ఆవిడ వెనక కాస్త ఎడంగా తంబుర ఉంది. ఒకచోట ఆవిడ ఆగింది. స్వరం అందక ఆగలేదు, అందినందుకు సంతోషపడి ఆగింది. ఆ సంతోషం కూడా వినపడింది బాజీకి. ఏడు నిమిషాలు. అయిపోయేసరికి అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

శబ్దాన్ని దూరానికి తోలడమే తన పని అనుకుంటూ వచ్చాడు ఇన్నేళ్ళూ. అది దగ్గరికి వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ‘మాయదారి పెట్టెలు, నిజంగానే బాగున్నయ్యే!’ అనుకున్నాడు. టవలు మళ్ళీ ముడతలు లేకుండా పరిచి, గడియ తీసి, చెట్టు కింద కూర్చుని ధ్రువపత్రం రాశాడు.

"అయ్యా, ఈ స్పీకర్లు చాలా మంచివి. ఒక మనిషి కూర్చుని వింటే వీటికి వెల కట్టలేము. ఆరువందల మందికి ఇవి పనికిరావు. మన హాలుకి పాత హారన్లే చాలును. చిత్తగించవలెను."

కమిషనరు గారు చదివారు. "నువ్వెలా విన్నావు?"

"నుంచునేనండీ," అన్నాడు బాజీ, నేల చూస్తూ.

"మొదటి రెండు వాక్యాలు సాంకేతికాభిప్రాయం. తర్వాతి రెండూ విధాన నిర్ణయం. విధాన నిర్ణయం చేసే అధికారం నీకుందా?"

"లేదండీ."

ఆ రెండు వాక్యాలూ ఎర్రసిరాతో కొట్టేశారు. మిగిలినదాన్ని కమిషనరు గారు మళ్ళీ చదివారు. ఒక మనిషి కూర్చుని వింటే వెల కట్టలేము. ఊరు అంటే ఏమిటి? ఒక మనిషి, ఇంకొక మనిషి, మరొక మనిషి. అరవై రెండు వేలమంది ఒక్కొక్కరే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే స్పీకర్ల వెల అరవై రెండు వేల రెట్లు కట్టలేనిదవుతుంది. ఆయన గబగబా కలం తీశారు. ఆ సాయంత్రమే "శ్రవణ దర్శన పథకం" పుట్టింది.

అధికారి రావడానికి ఇరవై ఒక్క పనిదినాలు ఉన్నాయి. రోజుకి ఎనిమిది గంటలు. ఇంజనీరింగ్ సెక్షన్ వారు భాగించి మనిషికి తొమ్మిది సెకన్లని తేల్చారు. అందులో కూర్చోవడానికి రెండు, లేవడానికి మూడు. నడుము నొప్పులవాళ్ళని దృష్టిలో పెట్టుకుని లేవడానికి ఒకటి ఎక్కువ ఇచ్చారు. వినడానికి నాలుగు మిగిలాయి.

"ఆ పాట ఏడు నిమిషాలండీ. నాలుగు సెకన్లలో ఏం ఇనపడిద్ది?" అన్నాడు బాజీ.

"పెద్ద కొండ మీద దేవుణ్ణి ఎంతసేపు చూస్తున్నారు? పుణ్యం రావడంలేదూ?" అన్నారు కమిషనరు గారు.



కళాభవనం చుట్టూ బొంగులు కట్టారు. ఉచిత శ్రవణం క్యూ బస్టాండు దాకా పోయింది. యాభై రూపాయల శీఘ్ర శ్రవణం క్యూ పోస్టాఫీసు దాకా. సిఫారసు ఉత్తరాలవాళ్ళకి పొద్దున పదిన్నర నుంచి పదకొండు వరకు ప్రముఖుల విరామ శ్రవణం, వాళ్ళకి ఏకంగా పదకొండు సెకన్లు. కుర్చీకి అటూ ఇటూ ఇద్దరు గార్డులు నిలబడి, మనిషి కూర్చోగానే భుజం పట్టుకుని "జరగాల, జరగాల!" అని లేపేవాళ్ళు. బయటికి వచ్చినవాళ్ళకి "నేను విన్నాను" అనే కార్డు, పానకాలరావు గారి బొమ్మతో. మూడో రోజుకల్లా గేటు ముందు కొబ్బరికాయల బండి వెలిసింది. కొందరు స్పీకరు పెట్టెకి చెయ్యి ఆనించి కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టారు. ఒక ముసలాయన తలనీలాలు ఎక్కడ ఇవ్వాలని బాజీని అడిగాడు.

కొబ్బరికాయ పగిలిన చప్పుడుకి లోపల రాగం చెదురుతోందని ఫిర్యాదు వచ్చింది. కమిషనరు గారు వంద గజాల లోపల కొబ్బరికాయ నిషేధించారు. తర్వాత ఆటోల హారన్లు నిషేధించారు. తర్వాత కూరగాయల కేకలు. చివరికి మంచినీళ్ళు ఎప్పుడు వదులుతారో చెప్పే మున్సిపాలిటీ వారి ఆటో మైకు కూడా ఆపేశారు. నీళ్ళు ఎప్పుడొస్తున్నాయో తెలియక జనం గోల పెడితే, ఊరంతా క్యూలోనే ఉంది కనక పట్టుకునేవాళ్ళు ఎలాగూ లేరని ఇంజనీరింగ్ సెక్షన్ వారు నోట్ పెట్టారు.

పదమూడో రోజున ఆకుకూరలమ్మే సామ్రాజ్యం కుర్చీలో కూర్చుని, లేపబడి, బయటికి వచ్చింది.

"ఏంది బాజీ, నాకు ‘ఆ’ అని సగం ఇనపడింది. మిగతా సగం ఎవురికి పోయింది?"

"నీ ఎనకాలామెకి పోయిందమ్మా."

"మరి ఆమెని పిలువు. కలిపి ఇందాం."

కలిపే విన్నారు. ఆ వీధి ఆడవాళ్ళు పద్దెనిమిదిమంది క్యూలో ఎవరి వెనక ఎవరు నుంచున్నారో గుర్తుపెట్టుకుని, అదే వరసలో గేటు బయట నిలబడి, ఎవరి ముక్క వాళ్ళు అన్నారు. సామ్రాజ్యం "ఆ" అంది, వెనకామె "అ" అంది, దాని వెనకామె తనకి గార్డు "జరగాల" అన్నదే వినపడిందని అదే అంది. పద్దెనిమిదో ఆమె వచ్చేసరికి అందరూ నేల మీద కూలబడి నవ్వుతున్నారు. ఆ పథకం మొదలైనప్పటినుంచీ బాజీ నవ్వింది ఆ ఒక్కరోజే.

ఇరవై నాలుగో తేదీకి అరవై రెండు వేలమందీ విన్నట్టు నివేదిక సిద్ధమైంది. ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని రాశారు కనక, నిరుడు పోయినవాళ్ళు కూడా వందమంది దాకా వచ్చి విని వెళ్ళారు.

ప్రత్యేకాధికారి డాక్టర్ కృపానందం గారు చెప్పిన రోజున చెప్పిన వేళకి వచ్చారు. అందుకే ఆఫీసులో సగంమంది ఇంకా రాలేదు. ఆయన నివేదికంతా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇందు నూటికి నూరు శాతం పౌరులు విన్నట్లున్నది. సంతోషము. స్పీకర్లు వెలకు తగినవని ఎవరన్నారు?"

"అందరూ విన్నారు సార్," అన్నారు కమిషనరు గారు.

"వినుట వేరు. నాలుగు సెకన్లు విన్నవాడు నాలుగు సెకన్లకే సాక్షి. కృతి ఆసాంతము ఆ కుర్చీ యందు కూర్చుని విన్నవారు ఈ ఊరిలో ఎవరైనా కలరా?"

ఎమ్మెల్యే గారి రెండున్నర నిమిషాలు బోరు మోటారుకి పోయాయి. పానకాలరావు గారికి హోదా లేదు కనక కుర్చీ దక్కనే లేదు.

"తమరే ఒకసారి కూర్చుంటే..." అన్నారు పానకాలరావు గారు.

"తనిఖీ అధికారి తనిఖీ చేయబడు వస్తువు నుండి ఎట్టి సుఖమును పొందరాదు. నియమావళి. కాబట్టి సాక్ష్యాధారములు లేనందున, ఈ పెట్టెలయందు ఏమియు లేదనియు, ఇది వట్టి మోసమనియు, మోగించుటకు నియమించబడిన ఆపరేటరు అసమర్థుడనియు రాయవలసి వచ్చుచున్నది," అని ఆయన కలం మూత తీశారు.

బాజీ తలుపు దగ్గర నుంచుని ఉన్నాడు. నోరు విప్పితే సర్క్యులర్ ప్రకారం ఇంటికి పంపేస్తారు. విప్పకపోతే ఫైలు ఇక్కడితో సరి. ఎటు చూసినా పోయేది ఉద్యోగమే. అయితే అతనికి ఆ క్షణంలో ఉద్యోగం గుర్తుకు రాలేదంటే నమ్మాలి. ‘ఏమియు లేదు’ అన్న మాట దగ్గరే అతని మనసు ఆగిపోయింది. ఆ చాప మీద కూర్చున్న పెద్దావిణ్ణి పట్టుకుని లేదంటున్నారు వీళ్ళు. అతనికి కోపం వచ్చింది.

"ఉందండీ," అన్నాడు.

అందరూ తిరిగి చూశారు.

"నేనిన్నానండీ. టవలు తీసి కూర్చుని ఇన్నా. ఏడు నిమిషాలూ ఇన్నా. ఆమె పాడేముందు ఊపిరి తీసుకుంటే నా పక్కనే తీసుకున్నట్టుందండీ. ఒకచోట ఆగిద్ది. ఎందుకాగిద్దంటే... ఆ స్వరం ఆమెకే ముద్దొచ్చిందండీ. అది గూడా ఇనపడింది. అబద్ధం చెప్తే నా చెవులు పోవాల. మోసం గాదండీ అది. కాకపోతే అయ్యా, అది ఒక మనిషికే. మన ఊరికి మాత్రం రెండు హారన్లు చాలు. ఆ మాట గూడా రాసుకోండి."

"రెండవ మాట ప్రశ్నలో లేదు," అన్నారు కృపానందం గారు, రాసుకుంటూ.

కమిషనరు గారు సర్క్యులర్ కోసం జేబు తడుముకుంటున్నారు. కృపానందం గారు చెయ్యెత్తి ఆపారు. "తొందరపడవద్దు. ఈ స్పీకర్లు వెలకు తగినవనుటకు భూప్రపంచమున ఉన్న ఏకైక ఆధారము ఈతని చెవులు. ఆధారమును తొలగించినచో ముప్పై ఎనిమిది లక్షలకు ఎవరు సంజాయిషీ ఇత్తురు? తమరు ఇత్తురా?"

కమిషనరు గారు జేబులోంచి చెయ్యి తీసేశారు.

వారంలోగా ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి, స్పీకర్లు వెలకు తగినవని నిర్ధారించడమైనది. రెండు, అంత విలువైనవాటిని వాడి పాడుచేయరాదు కనక, పెట్టెలో పెట్టి సీలు వేసి ఇనప బీరువాలో భద్రపరచవలెను. సభలకు బయటి మైకుసెట్టు అద్దెకు తెచ్చుకొనవలెను. మూడు, శ్రీ బాజీని తక్షణం పర్మినెంటు చేయడమైనది. నాలుగు, సదరు ఉద్యోగి చెవులు ప్రభుత్వ సాక్ష్యాధారములు అయినందున, వాటికి ఇతర శబ్దములచే నష్టము వాటిల్లకుండ, అతనిని మైకు విధుల నుండి తప్పించి రికార్డు గదికి మార్చడమైనది. అయిదు, సదరు చెవులయందు ఇరవై నాలుగు గంటలు దూది ఉంచి, ఏటా తనిఖీ సమయమున మాత్రమే తీసి చూపవలెను.

కమిషనరు గారు స్వయంగా, తన చేత్తో, దూది పెట్టారు. పానకాలరావు గారు శాలువా కప్పారు. చప్పట్లు కొడుతున్నట్టే ఉంది గానీ బాజీకి ఏమీ వినపడలేదు. దారిలో ఆటోలు పెదవులు కదుపుతున్నట్టు పోతున్నాయి. బాజీ వాళ్ళ తాతలు దూది ఏకి బతికారు. వాళ్ళ దూది పరుపుల్లోకీ దిండ్లలోకీ వెళ్ళింది గానీ ఇలాంటి చోటికి ఎన్నడూ వెళ్ళలేదు.

ఇంటికి వెళ్ళి, ఉత్తర్వు భార్య చేతిలో పెట్టాడు. ఖాసింబీ కాగితం కిటికీ వెలుగులోకి పట్టుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ మూడో అంశం దాకా చదివింది. అక్కడ ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అతని వైపు తిరిగి ఏదో అంది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ దాచిపెట్టుకున్న మాట అయి ఉండాలి, కళ్ళు అంతగా వెలుగుతున్నాయి. పెదవులు కదలడం కనపడింది. అంతే.

బాజీ రెండు చెవుల్లో దూదీ లాగి అవతల పారేశాడు.

"ఏమన్నావ్? మళ్ళా అను."

"ఏముంది, నీళ్ళు తోడాను, స్నానం చేసి రమ్మన్నా."

"ఇంకోసారి అను."

"ఏందయ్యా నీకు? చెవుడొచ్చిందా?" అని నవ్వింది ఆవిడ. ఆ నవ్వు పెరట్లో నీళ్ళు పోసుకుంటున్నంతసేపూ అతనికి వంటింట్లోంచి వినపడుతూనే ఉంది. మధ్యలో పక్కింటివాళ్ళని కేకేసి చెప్పడం, వాళ్ళు వచ్చి "నిజంగానా!" అనడం, గిన్నె ఏదో కిందపడటం కూడా వినపడ్డాయి. ఒక్కటీ పోకుండా విన్నాడు.

మర్నాడు పదిన్నరకి ఆఫీసు గేటు దగ్గర కొత్త దూది ఉండలు చేసి చెవుల్లో పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. రికార్డు గది కిటికీ ముందు అప్పుడే పదిమంది అర్జీలు పట్టుకుని ఏదో మొరపెట్టుకుంటున్నారు. బాజీ వాళ్ళ వైపు చూసి మర్యాదగా తల ఊపాడు. ఎవరేం చెప్పినా వినపడకుండా నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం రేవుపాడులో అప్పటిదాకా కమిషనరు గారికి ఒక్కరికే ఉండేది.